మా ఉలవ పొడి అంగడికి రోజూ వచ్చిన జనం

ముందే చెప్తున్నా, టీ గ్లాసు కింద పెట్టి వినండి. మీరు నవ్వితే టీ మీద పడుతుంది, నేను ఏడిస్తే టీలో పడుతుంది. మొన్న సోమవారం మా అమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని మళ్ళీ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. ఆ పని మాన్పించింది నేనే, మళ్ళీ పంపిందీ నేనే. మధ్యలో నేను చేసిన ఘనకార్యం పేరు కీవర్డ్ ప్లానింగ్!

మాది తమిళనాడులో కోవిల్‌పట్టి. ఫ్యాక్టరీని మా ఊళ్ళో ఫ్యాక్టరీ అనరు, ఆఫీసు అంటారు. పెళ్ళికి ముందు నుంచీ అమ్మ ఆ ఆఫీసులోనే పుల్లలు పెట్టెల్లో నింపుతోంది. చీర ఎంత ఉతికినా మందు వాసన పోదు. సాయంత్రం ఇంటికొస్తే లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే కూలబడి, నడుం పట్టుకుని, "పాపా, రవ్వంత నీళ్ళు తే" అంటుంది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఎలాగైనా ఈమెను ఇంట్లో కూర్చోబెట్టాలి అని పట్టుదల.

దానికి దారి మా వంటింట్లోనే ఉంది. అమ్మ చేసే ఉలవ పొడి! ఉలవలు దోరగా వేయించి, ఎండు మిరపకాయలు, వెల్లుల్లి, కరివేపాకు వేసి రోట్లో దంచుతుంది. వేడి అన్నంలో ఆ పొడి, పైన నువ్వుల నూనె... సరే, ఇప్పుడు ఆ రుచి గురించి మాట్లాడే ఓపిక నాకు లేదు. ఎందుకు లేదో మీకే తెలుస్తుంది.

నేను విరుదునగర్‌లో ఒక పప్పుల మండీలో బిల్లింగ్ చేస్తాను. రోజూ బస్సు. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు వెబ్‌సైట్ల మీద వీడియోలు చూసి చూసి నాకు నేనే డిగ్రీ ఇచ్చేసుకున్నాను. సైట్ తయారుచేశాను. అమ్మ ఫోటో, రోలు ఫోటో పెట్టాను. ఇక మిగిలింది కీవర్డ్. జనం నెట్‌లో ఏ మాట కొడితే మన సైట్ కనిపించాలి? వీడియోలో ఆయన బల్ల గుద్ది చెప్పాడు, పోటీ తక్కువున్న మాట పట్టుకోండి, మీరే రాజు అని.

టూల్‌లో వెతికాను. ఉలవలను అరవంలో కొళ్ళు అంటారు. 'కొళ్ళు పొడి' అని కొడితే అమ్మో! పెద్ద పెద్ద కంపెనీలు వరసకట్టి నిలబడి ఉన్నాయి. అదే మా ఇంట్లో అనేట్టు 'ఉలవ పొడి' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, మా జిల్లా వరకే చూస్తే పోటీ సున్నా! ఒక్కడంటే ఒక్కడు లేడు. బస్సులోనే ఎగిరి గంతేశాను.

మండీలో నా పక్క సీటు జెన్సీది. తనకి తెలుగు రాదు. నా స్క్రీన్ చూసి అరవంలో అడిగింది.

"సుధా, ఉలవ అంటే ఏంటి?"

"కొళ్ళు."

"మరి కొళ్ళు అనే పెట్టొచ్చు కదా? మా వీధిలో అందరూ అదే అంటారు."

"అక్కడ పోటీ ఎక్కువ జెన్సీ! నీకు ఎస్ఈఓ తెలీదు, వదిలెయ్."

ఆ పిల్ల వదిలేసింది. నాకే తెలీలేదు, పోటీ ఎందుకు లేదో ఒక్కసారి ఆలోచించాలని! ఎవరూ వెతకని మాటకి పోటీకి ఎవరొస్తారు? మా ఇళ్ళల్లో తెలుగు నోటితో మాట్లాడుకోవడానికే. గడప దాటితే అందరం అరవమే. ఇదంతా పుట్టినప్పటి నుంచీ తెలిసిన దానిని నేను. అయినా ఆ సున్నాని చూసి మురిసిపోయాను.

సైట్ ఓపెన్ చేసిన రోజు ఫ్యామిలీ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. "ఉలవ పొడి అని వెతికి, మన సైట్ వస్తుందో లేదో ఒకసారి చూసి చెప్పండి" అన్నాను. ఒకసారి! అందరూ దండాలు, పూలు, చప్పట్లు పెట్టారు. ఆ సంగతి నేను మరిచిపోయాను.

మర్నాడు రిపోర్ట్ తెరిచాను. సైట్‌కి ఏ ఊరి నుంచి జనం వస్తున్నారో అందులో కనిపిస్తుంది. విరుదునగర్ నుంచి వచ్చారు! అరుప్పుకోట్టై నుంచి వచ్చారు! అందరూ వెతికింది ఉలవ పొడే! ఆ మర్నాడూ వచ్చారు. వారం తిరిగినా వస్తూనే ఉన్నారు, అదీ పొద్దున్నే, దీపం పెట్టే వేళకి. 'ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్న జనం, లేవగానే ఉలవల గురించి చదువుతున్నారు' అని నేను జెన్సీకి వివరించాను. అరుప్పుకోట్టైకి ఒక డీలర్‌ని పెట్టాలా అని కూడా ఆలోచించాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఆర్డర్ మాత్రం ఒక్కటీ రాలేదు. "ఇంతమంది వస్తున్నారు, ఒక్కరూ కొనరేం?" అంది జెన్సీ. "కొత్త సరుకు కదా, ఆలోచిస్తున్నారు. దీపావళి దగ్గర పడనీ" అన్నాను. ఆ ధైర్యంతోనే ఇంటికెళ్ళి అమ్మతో చెప్పేశాను.

"అమ్మా, ఇంక ఆఫీసుకి పోవద్దు. రేపే చెప్పెయ్."

అమ్మ నమ్మలేదు. "నెజంగా వస్తా ఉండారా పాపా జనం?"

"దినమూ వస్తున్నారమ్మా!" అని ఫోన్‌లో గీతలు చూపించాను. అమ్మకి ఆ గీతలు ఏం అర్థమవుతాయి? నా మొహం చూసి నమ్మింది. మర్నాడే సూపర్‌వైజర్‌కి చెప్పి వచ్చేసింది. కిటికీ పక్కన, ఫ్యాన్ కింద ఉండే తన చోటుని ఇంకో ఆమెకి అప్పగించి వచ్చానని చెబుతూ నవ్వింది. నడుం నొప్పి లేని నవ్వు అది. మూట ఉలవలు దింపించాను. అమ్మ వేయించింది, దంచింది. వీధి వీధంతా తుమ్మింది.

వారం గడిచింది. జనం వస్తూనే ఉన్నారు, పొడి కదలడం లేదు. ఇక లాభం లేదని సైట్‌లో 'మాతో మాట్లాడండి' అని బటన్ పెట్టాను. నొక్కితే నా ఫోన్‌కే వస్తుంది. మర్నాడు మండీలో కూర్చోగానే ఫోన్ మోగింది. సైట్ నుంచే! జెన్సీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. గొంతు సవరించుకుని, న్యూస్ చదివే అమ్మాయిలా అచ్చమైన అరవంలో మొదలుపెట్టాను, "వణక్కం! మీకు ఏ విధంగా సాయపడగలం?" అని.

అవతల నుంచి, "ఏమ్మే పాపా, నాతో ఎందుకు అరవంలో మాట్లాడతా ఉండావు? నేను పెద్దమ్మని! తిన్నావా?"

విరుదునగర్ పెద్దమ్మ! మా అమ్మకి సొంత అక్క!

"పెద్దమ్మా, నువ్వు సైట్‌లోకి ఎందుకొచ్చావు?"

"ఎందుకొచ్చినానా? దినమూ వస్తా ఉండానే! నా మనవరాలు కొట్టి పెట్టింది. పొద్దున దీపం పెట్టి, అట్లే మన అంగడికి వచ్చి పోతా. ఇయ్యాల రవ్వంత లేటుగా వస్తే, కొత్తగా ఏందో పచ్చగా ఉండాది, నొక్కినా, నువ్వు వచ్చినావు!"

"అరుప్పుకోట్టై నుంచి కూడా..."

"మీ మామే! వాడూ, వాడి మగ్గం కాడ ఉండే మనోళ్ళూ. నేనే చెప్పినా అందరికీ. కొత్త అంగడి తెరిస్తే సొంత జనం పోయి నిలబడొద్దా? కాలీగా కనబడితే ఎవరు లోపలికి వస్తారు? మీ తాత కిరాణా అంగడి పెట్టినప్పుడు మేమంతా అట్లే దినమూ పోయి నిలబడతా ఉంటిమి."

నిజమే. మాలో అది ఆచారం. సొంతవాళ్ళు కొత్త అంగట్లోకి వెళ్ళి, ఇదీ అదీ తాకి చూస్తూ, జనం ఉన్నట్టు కనిపించాలి. వీళ్ళు ఆ ఆచారాన్ని తీసుకొచ్చి నా సైట్‌లో పెట్టారు! నేను దాన్ని చూసి మార్కెట్ అనుకున్నాను!

"సరే పెద్దమ్మా, అన్ని దినాలు వచ్చి నిలబడ్డారే, ఒక్క ప్యాకెట్ అన్నా కొనొచ్చు కదా?"

పెద్దమ్మకి నిజంగానే కోపం వచ్చింది. "ఏందీ? నా తోడబుట్టింది చేసిన పొడి నేను అంగట్లో కొనేదా? నలుగురు వింటే నవ్వరా? మీ అమ్మని ఒక డబ్బా నిండా ఇచ్చి పంపమను, సుమ్మా, ఊరికే తింటా!"

ఫోన్ పెట్టేశాను. ఏం జరిగిందో జెన్సీకి అరవంలో చెప్పాను. పాపం, నవ్వకుండా ఉండటానికి చాలా ప్రయత్నించింది. చివరికి బల్ల కింద పెన్ను వెతుకుతున్నట్టు వంగిపోయింది.

ఆ సాయంత్రం బస్సులో కోవిల్‌పట్టి ఎందుకంత తొందరగా వచ్చిందో తెలీదు. అమ్మకి ఎలా చెప్పాలి? గుమ్మంలో కూర్చుని, ఈసారి నేనే నీళ్ళడిగాను. అంతా చెప్పాను. ఏడ్చాను కూడా. అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది! "పోనీ లే పాపా, నాకూ ఇంట్లో పొద్దు పోలే" అంది. అబద్ధం. ఆ కొన్నాళ్ళూ అమ్మ మధ్యాహ్నం పూట కాళ్ళు చాపుకుని నిద్రపోవడం నా జన్మలో మొదటిసారి చూశాను.

సూపర్‌వైజర్ మళ్ళీ చేర్చుకున్నాడు. కిటికీ పక్క చోటు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు అమ్మది లోపల గోడ పక్కన, గాలి తగలని చోటు. నేను కీవర్డ్ మార్చి కొళ్ళు పొడి అని పెట్టాను. ఎన్ని పేజీలు తిప్పినా మేము ఎక్కడున్నామో మాకే దొరకడం లేదు. ఉలవ పొడి అని కొడితే మాత్రం ఇప్పటికీ మేమే ఫస్ట్. రెండో వాడు లేడు! ఇంట్లో పొద్దున ఇడ్లీలోకి ఉలవ పొడి, మధ్యాహ్నం అన్నంలోకి ఉలవ పొడి, రాత్రి దోసెలోకి అదే. ఇందాక రుచి గురించి మాట్లాడనన్నది అందుకే.

ఇంకెవరూ వచ్చి నిలబడొద్దని గ్రూపులో చేతులు జోడించి చెప్పాను. పెద్దమ్మ అలిగింది, కానీ మానేసింది. రిపోర్ట్‌లో గీత నేలకి పడుకుంది.

పూర్తిగా కాదు. నిన్న చూస్తే, కోవిల్‌పట్టి నుంచి ఒక్కరు వస్తున్నారు. రోజూ, సరిగ్గా ఆఫీసులో అన్నానికి వదిలే వేళకి. వెతికే మాట ఉలవ పొడి.

సాయంత్రం అమ్మ వచ్చి గుమ్మంలో కూలబడింది. నీళ్ళిచ్చాను. తాగి, నా వైపు చూడకుండా, ఏమీ ఎరగనట్టు అడిగింది.

"ఇయ్యాల ఎవరన్నా వచ్చినారా పాపా, మన అంగడికి?"

"ఒకరొచ్చారమ్మా."

"ఏమన్నా కొన్నారా?"

"లేదమ్మా. సుమ్మా నిలబడి పోయారు."

"పావం, ఎవరో మంచోళ్ళు," అంది అమ్మ, కొంగుతో మూతి తుడుచుకుంటూ.

అదండీ సంగతి. ఇంత కీవర్డ్ ప్లానింగ్ చేసి నేను నిలబెట్టుకున్న కస్టమర్ ఆ ఒక్కరే. పొడి దంచేదీ ఆవిడే!