లోపల నింపని పుల్లీ

ఎనిమిదేళ్లుగా ఒక చక్రాన్ని దాచిపెట్టుకుని బతుకుతున్నాను. అరచేతిలో పట్టేంత చక్రం. ఈ మధ్యలో రెండు ఇళ్లు మారాను. రెండుసార్లూ సామాను బండి ఎక్కించేటప్పుడు దాన్ని మాత్రం నా చేతిసంచిలోనే పెట్టుకున్నాను. మా ఆవిడ అదేదో మిషను భాగం అనుకుంటుంది. అబద్ధమేమీ కాదు, మిషను భాగమే. అసలు సంగతి మీకు చెప్తాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే చెప్తున్నానని ఒప్పుకోవడానికి కూడా సిగ్గుగానే ఉంది. ఎందుకంటే చెప్పవలసింది మీకు కాదు.

నాది ప్రొద్దుటూరు. నగలు గీసే పని, కంప్యూటర్లో. నేను గీసిన హారాన్ని మిషను మైనంలాంటి సరుకుతో అచ్చు తీస్తుంది, ఆ అచ్చును బట్టి బంగారం పోత పోస్తారు. పువ్వులూ నెమళ్లూ ఎవరైనా గీస్తారు. అసలు విద్య వెనక డొల్ల తీయడం. ముందునుంచి చూస్తే నగ నిండుగా, బరువుగా కనబడాలి. వెనక మాత్రం బంగారం అవసరం లేని ప్రతిచోటా తొలిచేయాలి. ఇందులో మోసమేమీ లేదు. కొనేవాళ్లకు కావలసింది కూడా అదే. పైన పటారం లోన లొటారం అని జనం తిట్టుకునే మాట మా కొట్టులో మెప్పుకోలు. మా యజమాని నన్ను నలుగురిలో పొగిడేది దానికే.

పాలిటెక్నిక్‌లో మేం ముగ్గురం. నేను, జమ్మలమడుగు జయరాజు, పులివెందుల మస్తాన్. చదువైపోయాక నేను నగల్లో పడ్డాను. మస్తాన్ వాళ్ల ఊళ్లోనే మోటారు సైకిళ్ల షెడ్డు పెట్టాడు. జయరాజు ఇంటి వసారాలోనే బ్యాటరీలు రిపేరు చేస్తూ, బస్టాండు దగ్గర ఒక గది అద్దెకు చూసుకుంటున్నాడు. ఎవరికి వాళ్లం అయిపోతున్నామనుకున్న రోజుల్లో మస్తాన్ ఫోనులో ఒక వీడియో చూపించాడు. నాలుగు చిన్న చక్రాల పలక. దాని మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడి, చేతిలో ఒక మీట నొక్కితే ఊరకే జారిపోతోంది. కరెంటు స్కేట్‌బోర్డు. దాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చని తెలిశాక మాకు నిద్ర పట్టలేదు.

పని పంచుకున్నాం. బ్యాటరీ, వైర్లు, బిగింపులన్నీ జయరాజువి. తొక్కి చూడటం మస్తాన్ వంతు. పులివెందుల రోడ్లు నున్నగా వెడల్పుగా ఉంటాయి, వాడికి భయం అంటే ఏమిటో తెలియదు. పుల్లీ నాది. మోటారుకు చిన్న ఇనుప పుల్లీ ఉంటుంది, వెనక చక్రానికి పెద్ద పుల్లీ ఉంటుంది, రెండింటి మీదుగా పళ్ల బెల్టు తిరుగుతుంది. బండి కదలాలన్నా ఆ బెల్టే, ఆగాలన్నా ఆ బెల్టే. పెద్ద పుల్లీ బజారులో దొరకదు. మన చక్రానికి సరిపడా గీసుకుని, ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొర పోసే మిషనులో అచ్చు తీసుకోవాలి. కొట్టులో అలాంటి మిషను ఒకటి ఉండేది.

ముప్పై ఆరు పళ్లు. పంటి వంపు బెల్టుకు సరిగ్గా కూర్చోవడానికి పదకొండుసార్లు గీశాను. నా జన్మలో ఏ నెమలికీ అంత కష్టపడలేదు. మొదటి పుల్లీని లోపల గట్టిగా నింపి తీశాను. ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది. అది ఆరు నెలలు ఆడింది. పళ్లు అరిగాక ఇంకొకటి కావాలన్నాడు మస్తాన్, శనివారం నాటికి.

ఆ వారమే మా యజమాని కొత్త కొట్టు తెరుస్తున్నాడు. అద్దాల బీరువాల్లో హారాలు తగిలించడానికి మెడబొమ్మలు కావాలన్నాడు. మిషను పగలూ రాత్రీ వాటికే. నాకు సందు దొరికింది శుక్రవారం మధ్యాహ్నం, మూడే గంటలు. నిండుగా ఉండే పుల్లీ మూడు గంటల్లో రాదు. కానీ లోపల ఎంత నింపాలో మనమే చెప్పవచ్చు. నూటికి నూరు అంటే గట్టి ముద్ద. నేను పదిహేను పెట్టాను. పైన రెండు పొరల తోలు, లోపల తేనెపట్టులాంటి జాలీ.

చెయ్యి అలవాటు కొద్దీ పెట్టేసిందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. రోజంతా డొల్లలు తీసేవాడి చెయ్యి కదా, దానికేం తెలుసు అని. ఎవరిని మోసం చేయడానికి ఆ మాట? చేతికి తెలుసు. నాకూ తెలుసు. మెడలో వేలాడే నగ ఒకటి, మనిషిని మోసే పుల్లీ ఒకటి అని తెలిసే ఆ మీట నొక్కాను. అచ్చు బయటికి వచ్చాక చూస్తే చాలా అందంగా ఉంది. నిండుగా, బరువుగా కనబడింది.

శనివారం పొద్దున్నే దాన్ని తీసుకుని జమ్మలమడుగు బస్సెక్కాను. జయరాజు వసారాలో బోర్డును బోర్లా వేసుకుని నాకోసం కూర్చుని ఉన్నాడు. పుల్లీని చేతిలోకి తీసుకుని రెండుసార్లు ఎగరేసి పట్టుకున్నాడు. కళ్లకంటే చేతినే నమ్మే మనిషి.

"ఏందప్పా, ఇది శానా తేలిగ్గా ఉండాది? పాతది ఇట్ల లేదే."

"కొత్త రకం ప్లాస్టిక్‌లే."

"లోపలంతా నింపినావా?"

"నింపినాలే. నా పని నాకు నేర్పిస్తాండావా?"

"అది కాదప్పా, మస్తాన్‌గాడు పల్లానికి గూడా ఆపకుండా తోల్తాడు. అందుకడిగినా."

"నింపినా అని చెప్తాండా కదా."

"నువ్వు చెప్తే సరే" అన్నాడు. బిగించడం మొదలుపెట్టాడు.

ఆ నాలుగు మాటల్లో ఎక్కడైనా ఆగి ఉండవచ్చు. లేదు జయరాజూ, టైము లేక డొల్లగా తీశాను, వచ్చే వారం గట్టిది తెస్తాను అంటే ఏమయ్యేది? మస్తాన్ నాలుగు బూతులు తిట్టేవాడు, ముగ్గురం దోసెలు తిని ఇళ్లకు పోయేవాళ్లం. అంతే. నా పనితనం మీద ఒక్క మాట పడకుండా ఉండాలని అబద్ధమాడాను. అంత చిన్న కారణం.

పులివెందుల బయట పల్లానికి దిగే రోడ్డుంది. జయరాజూ నేనూ బస్సులో పోయి, ఎండ తగ్గాక మస్తాన్‌తో కలిసి అక్కడికి చేరాం. మస్తాన్ రెండుసార్లు మెల్లగా దిగాడు. మూడోసారి పైనుంచి వేగంగా వచ్చి, మలుపు దగ్గర ఆపడానికి మీట నొక్కాడు. పట్‌మని చప్పుడు. పుల్లీ విచ్చిపోయింది, ముక్క ఒకటి బెల్టులో ఇరుక్కుంది, చక్రం బిగుసుకుపోయింది. మస్తాన్ ముందుకు ఎగిరి కుడిచెయ్యి కింద పెట్టి పడ్డాడు.

జయరాజు మస్తాన్ దగ్గరికి పరుగెత్తాడు. నేను బోర్డు దగ్గరికి పరుగెత్తాను.

ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. మనిషి పడి అరుస్తుంటే నా కాళ్లు బోర్డువైపు పోయాయి. ఎవరూ చెప్పకుండానే వాటికి దారి తెలుసు. విరిగిన ముక్కల్లో జాలీ తెల్లగా బయటపడి ఉంది. చూసినవాడెవడికైనా అర్థమవుతుంది. మీరు ఆటోలో ఆసుపత్రికి పోండి, బోర్డు నేను తెస్తా అన్నాను. వాళ్లు వెళ్లిపోయాక ముక్కలన్నీ ఏరాను. చక్రానికి బోల్టుల కింద పుల్లీ మొదళ్లు ఇంకా అంటుకునే ఉన్నాయి, కాబట్టి చక్రాన్నే ఊడదీశాను. జయరాజు సంచీ అక్కడే వదిలిపోయాడు, వాడి పానాతోనే తీశాను. చక్రం, నట్టు, ముక్కలు అన్నీ నా సంచిలో వేసుకుని, మూడు చక్రాల బోర్డును చంకన పెట్టుకుని ఆసుపత్రికి పోయాను.

ఏమైందప్పా అని జయరాజు అడిగాడు. చక్రం ఊడి కంపచెట్లలో పడింది, ఎంత వెతికినా దొరకలేదు, నట్టు వదులుగా ఉన్నట్టుంది అన్నాను. వాడి మొహం చూస్తూనే అన్నాను. వాడు బిగించినానే అనలేదు. తన చేతులవైపు చూసుకున్నాడు, అంతే.

మస్తాన్ మణికట్టు వంకరగా అతుక్కుంది. పానా పట్టి తిప్పే బలం మళ్లీ రాలేదు. షెడ్డు మూసేసి, ఇప్పుడు ఎవరిదో స్పేర్ పార్టుల కొట్టులో కూర్చుంటున్నాడు. జయరాజు వాడి దగ్గరికి పోయి ఏడ్చాడు. పోనీలే మామా, కావాలని చేస్తివా ఏమన్నా అని మస్తాన్ అన్నాడట. నాకు రావలసిన క్షమను అలా జయరాజు తీసుకున్నాడు. తీసుకున్నా వాడికి అది సరిపోలేదు. బస్టాండు దగ్గర గది వద్దనుకున్నాడు. బ్యాటరీ ముట్టలేదు. ఒక ఆఫీసులో అటెండరుగా చేరాడు. ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాడనీ, వీధి చివరిదాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చి చూస్తాడనీ వాళ్లావిడ నాతో చెప్పింది. నవ్వుతూనే చెప్పింది పాపం.

రెండేళ్ల తర్వాత వాళ్ల చర్చిలో కోత పండుగకు నన్ను రమ్మన్నాడు. తాతలనాటి నుంచి వాళ్లది ఆ చర్చే. పండుగనాడు రైతులు మొదటి వడ్లూ, గుమ్మడికాయలూ, కోళ్లూ తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని ఆవరణలో వేలంపాటకు పెడతారు, ఎవరు ఎక్కువ పాడితే వాళ్లు తీసుకుపోతారు. పొలం లేని జయరాజు తన పనిముట్ల పెట్టె తెచ్చి పెట్టాడు. అందరూ అటే చూశారు. అందరి ముందూ తన బతుకులో జరిగింది ఒప్పుకునే సాక్ష్యం చెప్తానని లేచాడు.

ఒక నట్టు నేను సరిగ్గా బిగించలేదు, ఒక మనిషి చెయ్యి పోయింది, ఈ చేతుల పని ఇక దేవుడికే ఇచ్చేస్తాండా అని చెప్పాడు. గొంతు వణకలేదు. నేను నాలుగో వరసలో ఉన్నాను.  ఇప్పుడు లేస్తే చాలు, ఒక్క మాట చాలు అనుకుంటున్నాను. కాళ్లు లేవడం లేదు. ఆ రోజు బోర్డువైపు అంత చురుగ్గా పరుగెత్తిన కాళ్లే. వాడి సాక్ష్యం అయిపోయింది. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

బయట పాట మొదలైంది. పెట్టె వంతు వచ్చింది. అప్పుడు చెయ్యెత్తాను. సాక్ష్యానికి లేవని మనిషిని పాటకు లేచాను. ఎవరేమి పాడినా దానిపైన పాడి పెట్టె దక్కించుకున్నాను. ఎందుకు? వాడి పనిముట్లు ఇంకొకరికి పోకూడదనా, ఆ పానా వేరేవాళ్ల చేతిలో పడితే అది నోరు తెరిచి చెప్తుందనా? గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్న రకాన్ని నేను. జయరాజు జనాన్ని తోసుకుని వచ్చి నన్ను గట్టిగా పట్టుకున్నాడు. "అందరూ ఏదో ఒకటి అన్యారప్పా. నువ్వొక్కనివే నన్ను ఒక్క మాట అనలేదు" అన్నాడు.

ఆ రోజు తలుపు మూసుకుంది. అంతకుముందు చెప్పి ఉంటే తప్పు ఒప్పుకున్నవాణ్ణి అయ్యేవాణ్ణి. ఇప్పుడు చెప్తే వాడికి మిగిలిన ఒక్క స్నేహితుణ్ణి కూడా లాక్కున్నవాణ్ణి అవుతాను. ఇదీ నేను చెప్పుకునే సాకే, తెలుసు. వాడి మంచికోసం దాస్తున్నానన్న మాట ఎంత నున్నగా ఉందో చూశారా. బాగా డొల్ల తీసిన మాట అది. పుల్లీ సంగతి చెప్పాలంటే చక్రం సంగతి చెప్పాలి. చక్రం సంగతి చెప్పాలంటే ఆసుపత్రిలో వాడి మొహం చూస్తూ ఏమన్నానో చెప్పాలి. ఒకటి లాగితే అన్నీ వస్తాయి. అందుకే ఏదీ లాగను. వాడు నెలకోసారి ప్రొద్దుటూరు వస్తాడు, కొట్టులో నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటాడు, టీ తాగుతాడు. నేను కంప్యూటర్లో హారం వెనక డొల్ల తీస్తూ ఉంటాను. ఎంత బాగా తీస్తాండావప్పా అంటాడు. వాడి కాళ్లకు జానెడు దూరంలో, నా బల్ల కింద, వాడి పెట్టెలోనే, ఇంట్లోంచి తెచ్చి పెట్టిన ఆ చక్రం ఉంటుంది.

ఇది చదివి మీరు నన్ను క్షమించకండి. ఆ హక్కు మీకు లేదు, అడిగే హక్కు నాకు లేదు. రాస్తుంటే మాత్రం చేతికి కాస్త ఊపిరి ఆడుతోంది.

ఒక్కటి ఇంకా చెప్పలేదు. ఇంతసేపూ దాన్ని దాటుకుంటూ వచ్చాను. రోడ్డు పక్కన కూర్చుని చక్రం ఊడదీశానని తేలిగ్గా రాసేశాను కదా. అది తేలిగ్గా ఊడలేదు. పానా పెట్టి తిప్పితే నట్టు కదల్లేదు. రెండు చేతులూ వేసి లాగాను, కదల్లేదు. చివరికి బోర్డును రాతికి ఆనించి, పానా మీద కాలు పెట్టి, నా బరువంతా వేసి తొక్కితే అప్పుడు కిర్రుమని ఒక్క చుట్టు తిరిగింది. జయరాజు అంత గట్టిగా బిగించాడు. ఈ సంగతి తెలిసినవాణ్ణి ఇన్నాళ్లూ నేనొక్కడినే. ఇప్పుడు మీకు తెలుసు. వాడికి ఇంకా తెలియదు.