మోహన టీచరు విభక్తులు

మోహన మా ఇంటికి వచ్చేసరికి నేను రిటైరై ఎనిమిదేళ్లు. పుత్తూరు హైస్కూల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు తెలుగు చెప్పాను. పాత విద్యార్థులు అప్పుడప్పుడూ వస్తుంటారు, ఎక్కువగా పెళ్లిపత్రికలు పట్టుకుని. ఈమె చేతిలో మాత్రం నోటుబుక్కు ఉంది. నీళ్లు తాగి అడిగింది.

"సార్, నాకు విభక్తులు మళ్లీ నేర్పించాల."

ముప్పై నాలుగేళ్ల మనిషి అలా అడిగితే నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"ఎవరికైనా ట్యూషన్ చెప్తున్నావా?"

"లేదు సార్. జపనీస్ టీచరు కావాలని సదవతా ఉండాను. మొన్న పాఠం చెప్పే పరీక్షలో ఫెయిలైనాను."

మన విభక్తులకూ జపాన్ భాషకూ ఏం సంబంధమో నాకు బోధపడలేదు. ఆరోజు ఆమె చెప్పిందీ, తర్వాత నేను కళ్లారా చూసిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మోహన తండ్రి మునిరామయ్య నారాయణవనంలో మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. బడిలో ఆమెకు తెలుగు బాగా వచ్చేది, ఇంగ్లీషు మాత్రం అంతంతే. పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తిచేసి, శ్రీసిటీలో కార్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో చేరింది. అక్కడ హయాషి అని జపాన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన మాటను దుబాసీ ఇంగ్లీషులోకి మార్చాలి, దాన్ని మన సూపర్‌వైజరు తెలుగులోకి మార్చాలి. పనివాళ్ల దాకా వచ్చేసరికి అందులో సగం జారిపోయేది. మోహన ఆ రెండు మార్పిడుల కోసం ఎదురుచూడకుండా హయాషి నోటినుంచి వచ్చే మాటనే వినడం మొదలుపెట్టింది. విన్నది విన్నట్టు తెలుగు అక్షరాల్లో రాసుకునేది.

"నాకు ముందు తెలిసింది ఒకటే సార్. క్రియ కడాకు వస్తా ఉండాది. మన మాదిరే."

ఒకరోజు దుబాసీ సెలవు పెట్టాడు. యంత్రానికి కొత్త అచ్చు బిగిస్తున్నారు. హయాషి ఏదో అన్నాడు. ఇంకో చుట్టు తిప్పమంటున్నాడని మెకానిక్ స్పానరు పట్టుకున్నాడు. దూరంగా నిలబడిన మోహన "అన్నా, ఆపు. తిప్పొద్దంటా ఉండాడు" అంది. తిప్పమనే మాటకు 'వద్దు' అనేది చివర్లో తోకలా అతుక్కుని ఉంది. ఆ తోకను విన్నది ఆమె ఒక్కతే. ఇంకొక్క చుట్టు తిరిగి ఉంటే అచ్చు పగిలేది. హయాషి ఆమెవైపు తిరిగి తలవంచి నమస్కరించాడు. మరుసటి వారం నుంచి షిఫ్టు అయ్యాక అరగంట కూర్చోబెట్టి చదువు చెప్పాడు.

ఆరేళ్లలో ఆమె జపనీస్‌లో నాలుగు మెట్ల పరీక్షలు నెగ్గింది. దూరవిద్యలో బి.ఎ. కూడా పూర్తయింది. అదే ఫ్యాక్టరీలో దుబాసీ అయింది. అంతటితో ఆగినా ఎవరూ తక్కువ చేసి మాట్లాడేవాళ్లు కాదు. కానీ జపాన్‌లో వృద్ధులకు సేవచేసే ఉద్యోగాల కోసం తిరుపతిలో నర్సింగు చదివిన ఆడపిల్లలు జపనీస్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. సెలవురోజున పోయి వాళ్లకు పాఠాలు చెప్పేది మోహన. నాలుగు వారాలు తిరిగేసరికి పాతికమందిలో తొమ్మిదిమంది మిగిలారు. తప్పు పిల్లలది కాదని ఆమెకు తెలుసు.

అందుకే చెన్నైలోని ఒక విశ్వవిద్యాలయంలో విదేశీ భాషల అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే రెండేళ్ల పీజీ కోర్సుకు దరఖాస్తు పెట్టింది. శని, ఆదివారాలు తరగతులు. నలభై గంటలు గురువుల కళ్లముందు పాఠం చెప్పాలి. చివరి బోధనా పరీక్ష నెగ్గినవాళ్లకే అధ్యాపక లైసెన్సు.

ఆమె భర్త గుణశేఖర్ ఆర్టీసీలో డ్రైవరు. "దుబాసీ పని బాగానే ఉండాది గదా. మళ్లా ఈ సదువెందుకు?" అని అడిగాడట.

"మాట్లాడేది వేరు, నేర్పించేది వేరు. నేను చెప్తా ఉంటే పిల్లోళ్ల మొకాల్లో ఏమీ కనపడలా."

అతను డిపోలో మాట్లాడి శని, ఆదివారాల డ్యూటీ మార్పించుకున్నాడు. రెండేళ్లూ ఆ రెండు రోజులు కూతుర్ని చూసుకోవడం, వంట అతని పనే. తెల్లారకముందే భార్యను బండిమీద పుత్తూరు స్టేషన్‌లో దించి వచ్చేవాడు.

ఆమెకు పర్యవేక్షకురాలు గ్రేసీ మేడం. తమిళావిడ, మెత్తగా మాట్లాడదు. మొదటి సంవత్సరం చివర మోహన నలభై నిమిషాల పాఠం చెప్పింది. తోటివాళ్లందరి లాగే ఇంగ్లీషులో వివరించింది. పాఠం అయ్యాక మేడం గడియారం చూపించింది. నలభైలో ముప్పై మూడు నిమిషాలు మోహనే మాట్లాడింది. ఎదురుగా ఉన్న తమిళ, తెలుగు పిల్లలు మాట్లాడింది ఏడే నిమిషాలు.

"నువ్వు ఏ భాషలోంచి నేర్చుకున్నావు?" అని మేడం తమిళంలోనే అడిగింది. పుత్తూరు మనిషికి తమిళం కొత్త కాదు.

"తెలుగులోంచి, మేడం."

"మరి వాళ్లను ఇంగ్లీషు మీదుగా ఎందుకు తిప్పుతున్నావు?"

ఫెయిల్ అని రాసి సంతకం పెట్టింది. మోహన రైల్లో అరక్కోణం దాకా ఏడ్చింది. అరక్కోణం దాటాక నోటుబుక్కు తీసింది. ఆ నోటుబుక్కుతోనే మా ఇంటికి వచ్చింది.

నేను అలవాటు కొద్దీ అందుకున్నాను: "డు, ము, వు, లు ప్రథమా విభక్తి. నిన్, నున్, లన్..."

"అది నాకు ఇంకా నోటికి వచ్చు సార్. నాకు కావాల్సింది అది కాదు. మనం మాట్లాడేప్పుడు ఏది యాడ వాడతామో, ఎందుకు వాడతామో, అది కావాల."

ముప్పై ఒక్క సంవత్సరాలు ఆ పట్టిక వల్లె వేయించిన నన్ను ఏ పిల్లా ఆ ప్రశ్న అడగలేదు.

ఆమె ఒక వాక్యం రాసింది. పుత్తూరు నుంచి తిరుపతి దాకా బస్సులో పోతాను. దాని కిందే జపనీస్ వాక్యాన్ని తెలుగు లిపిలో రాసింది. పుత్తూర్ కరా తిరుపతి మదె బస్ దె ఇకిమస్. 'నుంచి' కింద 'కరా', 'దాకా' కింద 'మదె', 'లో' కింద 'దె', 'పోతాను' కింద 'ఇకిమస్'. ఒక్క మాటనూ ముందుకో వెనక్కో జరపాల్సిన పని లేదు. ఆ రెండు వరుసల మీదా వేలు పెట్టి ఒక్కో జతా చదువుకున్నాను.

అప్పుడే మా ఇంటావిడ వరదమ్మ ఉడకబెట్టిన చెనక్కాయలు తెచ్చి, "తిని సూడమ్మా, ఉప్పు సరిపోయిందో లేదో" అంది. మోహన గబగబా పెన్ను అందుకుని 'తబెతె మితె' అని రాసింది. తిని, చూడు. జపాన్‌లోనూ కంటితో చూడకుండానే 'తిని చూస్తారట', 'చేసి చూస్తారట'. వరదమ్మకు తను ఏం చెప్పిందో తెలియక నావైపు చూసింది.

మోహనకు అసలు చిక్కు ఒకటుంది. 'ఇంట్లో ఉన్నాను', 'ఇంట్లో చదువుతాను', రెండుచోట్లా మనకు 'లో' ఒకటే. వాళ్లకు మొదటిదానికి 'ని', రెండోదానికి 'దె'. "పిల్లోళ్లు పడేది ఈ గుంతలోనే సార్." మేం మూడు వారాలు దాని మీదే కూర్చున్నాం. ఆమె ఫ్యాక్టరీలోంచి వాక్యాలు తెచ్చేది, నేను బజార్లోంచి తెచ్చేవాణ్ణి. చివరికి నా నోటినుంచే వచ్చింది: ఒకటి ఉండే 'లో', ఇంకోటి చేసే 'లో'. ఉండే చోటికి 'ని', పని చేసే చోటికి 'దె'. ఆమె అది రాసుకుని, లేచి నిలబడి, "ఇది సాలు సార్" అంది. ఉద్యోగంలో ఉండగా నాకు ఉత్తమ ఉపాధ్యాయుడని శాలువా కప్పారు. మోహన ఆ మాట అన్నప్పుడు కలిగిన సంతోషం ముందు ఆ శాలువా చిన్నది.

తర్వాతి సంవత్సరం మోహన ఒక అర్జీ పెట్టుకుంది. తన చివరి పరీక్ష పాఠం తిరుపతిలో, తెలుగు పిల్లల ముందు, తెలుగు మీదుగా చెప్పనివ్వమని. విశ్వవిద్యాలయం పెద్దలు కొంత తటపటాయించారు. ఫెయిల్ చేసిన గ్రేసీ మేడమే ఆ అర్జీ మీద సంతకం పెట్టి ముందుకు పంపింది.

పరీక్షరోజు నేనూ తిరుపతి పోయాను. బయట బెంచీమీద కూర్చుని చూసి వచ్చేద్దామని. తరగతిలో పన్నెండుమంది విద్యార్థులు ఉండి తీరాలి. వచ్చింది పదకొండుమంది. ఒకమ్మాయికి జ్వరం. పరీక్ష మొదలు కావడానికి పది నిమిషాలుంది. మోహన బయటికి వచ్చి నా ముందు నిలబడింది.

"సార్, మీరు కూసోవాల."

"నేనా? అరవై ఏడేళ్లమ్మా నాకు."

"వయసు నిబంధన లేదు. అడిగొచ్చినాను."

చివరి వరుసలో కూర్చున్నాను. పరీక్షకులు ఇద్దరు: జపాన్ నుంచి వచ్చిన ఒకావిడ, గ్రేసీ మేడం. మోహన బల్లమీద ఒక డబ్బా పెట్టి 'ఉండే', ఒక పుస్తకం తెరిచి 'చేసే' అంది. ఇక ఆమె మాట్లాడింది చాలా తక్కువ. పిల్లలే ఒకరినొకరు ప్రశ్నించుకున్నారు, తప్పులు దిద్దుకున్నారు. గ్రేసీ మేడం మాటిమాటికీ గడియారం చూసి ఏదో రాసుకుంటోంది.

చివర్లో జపాన్ ఆవిడ లేచి నిస్సీ అనే అమ్మాయిని అడిగింది, ఎక్కడ చదువుకుంటావని. నిస్సీ "హోస్టల్..." అని ఆగింది. 'చేసే' అని పెదవులు కదిలాయి. "హోస్టల్ దె." మరి మీ అమ్మ ఎక్కడుందని అడిగింది. ఈసారి ఆగలేదు. "శ్రీకాళహస్తి ని." ఆవిడ కావాలనే గుంత తవ్వింది, పిల్ల దాన్ని దాటేసింది. మోహన కిటికీవైపు చూస్తూ నిలబడింది, పిల్లకు సాయం చేస్తోందని ఎవరూ అనుకోకుండా.

తర్వాత ఆవిడ నేరుగా నాదగ్గరకు వచ్చింది. మీరు ఎక్కడినుంచి వచ్చారని అడిగినట్టు అర్థమైంది.

"పుత్తూర్ కరా, బస్ దె కిమషిత" అన్నాను, పుత్తూరు నుంచి బస్సులో వచ్చానని. అని, కంగారులో "అమ్మా" అని కూడా చేర్చాను. తరగతి మొత్తం నవ్వింది. ఆవిడా నవ్వింది.

ఫలితం చెప్పడానికి గ్రేసీ మేడం చెన్నై తిరిగి పోయేదాకా ఆగలేదు. కారిడార్లోనే మోహనను ఆపి, "ఈసారి నువ్వు మాట్లాడింది తొమ్మిది నిమిషాలు" అని చెప్పి ఆమె భుజం తట్టింది. గుణశేఖర్ యూనిఫారంలోనే వచ్చాడు, తిరుపతి ట్రిప్పు దించేసి. భార్య చెప్పింది విని, "సార్ ఏమన్నా తిన్నాడా?" అని అడిగాడు.

ఇది జరిగి రెండేళ్లయింది. మోహన ఇప్పుడు తిరుపతిలో పూర్తికాలం జపనీస్ అధ్యాపకురాలు. మొదటి బ్యాచిలో ఇరవై రెండుమంది చేరితే ఇరవై రెండుమందీ చివరిదాకా ఉన్నారు. పందొమ్మిదిమంది మొదటి మెట్టు దాటారు, నిస్సీ రెండో మెట్టు కూడా దాటింది. ఇంగ్లీషు రాదని వెనక కూర్చునే పిల్లలు అక్కడ ముందు వరుసలో కూర్చుంటారు. చిత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవాళ్లు నలుగురున్నారు.

పోయిన నెల నేను ఏదో పనిమీద ఆ పక్కకు పోయి తరగతి గుమ్మం దగ్గర ఆగాను. చివరి బెంచీమీద ఇద్దరు కొత్త ముఖాలు, విద్యార్థుల్లా లేరు. ఒళ్లో కాగితాలు పెట్టుకుని మోహన చెప్పే ప్రతి మాటా రాసుకుంటున్నారు. ఎవరని తర్వాత అడిగాను.

"చెన్నై నుంచి వచ్చినారు సార్, టీచరు కోర్సు పిల్లోళ్లు. గ్రేసీ మేడం పంపించింది. పాఠం ఎట్లా చెప్పాలో ఈడ సూసి రమ్మనిందంట."

అంతే చెప్పి, గంట కొట్టారని మళ్లీ తరగతిలోకి పోయింది.