ఆయన లేరు, ఇక అరిచేదెవరు?

పాఠక మహాశయులారా, చేతులు జోడించి, నుదురు నేలకానించి ముందే క్షమాపణ వేడుకుంటున్నాను. గంభీరమైన నివాళి నావల్ల కాదు. గురువారం పొద్దున ఆర్కే పురం క్వార్టర్లో గుండె ఆగి మా మాస్టారు పోయారు. అప్పటినుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు. వాక్యాలు మాత్రం ఏం నిలుస్తాయి?

ఢిల్లీలో ప్రభుత్వోద్యోగులకు నీతి నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో ఆయన బోధకులు, నేను సహాయకుణ్ణి. కోర్సు చివర సమోసాలు పంచి, క్లాసు ఎలా ఉందని అడిగేవాళ్ళం. అందరూ అద్భుతం అనేవారు. మాస్టారు మీసం దులుపుకుంటూ, “ఆ మెప్పు సమోసాలకిరా, మనకి కాదు” అనేవారు.

క్లాసులో చెప్పింది ఆఫీసులో ఎంత పనిచేస్తోందో తేల్చుకోవాలని ఆయనే ఒక ఆఫీసు కౌంటరు ముందు క్యూలో నిలబడ్డారు. పాత శిష్యుడు గుర్తుపట్టి కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు.

“పరీక్ష పాడైందిరా. ఈసారి నువ్వెళ్ళు. నీ మొహానికి ఎవడూ కుర్చీ వెయ్యడు.”

“ధన్యుణ్ణి మాస్టారూ. ఇన్నాళ్ళకి నాకో అర్హత దొరికింది.”

వెళ్ళాను. సేవాధర్మం మీద క్లాసులో అందరికన్నా బాగా మాట్లాడిన ఆ శిష్యుడే, తల ఎత్తకుండా “కల్ ఆనా, భయ్యా” అని రేపటికి తరిమేశాడు. తిరిగొచ్చి ఆ గొంతుతోనే అనుకరించి చూపించాను. మాస్టారు నవ్వలేదు. అతన్ని పిలిపించి, ఎందుకలా అన్నావని నెమ్మదిగా అడిగారు.

“బడే సాబ్ ఫైళ్ళు ఆపమన్నారు సార్. ఆయనకి కాదని ఎలా చెప్పాలో మీ క్లాసులో లేదు కదా!”

మర్నాడే మాస్టారు తనకెంతో ఇష్టమైన ఉపన్యాసాన్ని కోర్సులోంచి తీసేశారు. దాని బదులు తనే పై అధికారిగా మారి బల్ల గుద్ది అరిచేవారు. మళ్ళీ రప్పించిన ఆ శిష్యుడితో సహా అందరూ ఒక్కొక్కరే లేచి మర్యాదగా, స్పష్టంగా కాదనాలి. మొదట్లో అందరూ “అలాగే సార్” అని కూర్చునేవారు. “వీళ్ళకి నీతి తెలియక కాదురా, నోటికి అలవాటు లేక” అనేవారు.

కొన్నాళ్ళకి నన్ను మళ్ళీ క్యూలోకి తోశారు. ఈసారి ఆ శిష్యుడు నా ఫైలు పట్టుకుని బడే సాబ్ గదిలోకి వెళ్ళి, చెమటలు కక్కుతూ సంతకంతో బయటికొచ్చాడు. పరుగెత్తుకొచ్చి చెప్పాను. “ఒక్కడేగా!” అని మాస్టారు అరుపు ఇంకా పెంచారు.

నిన్నటి సంతాప సభలో మా డైరెక్టర్ ఆయన్ని మహానుభావుడన్నారు. అదే నోటితో, “సోమవారం నుంచి ఆ డ్రామా బంద్. మళ్ళీ ఉపన్యాసాలే. ఆయన లేరు, ఇక అరిచేదెవరు?” అన్నారు. అందరూ చాయ్ కప్పుల్లోకి చూశారు.

ఇంత చెప్పాను గానీ, నేను చేసింది ఒక్కటే. లేచి, “నేను అరుస్తాను సార్” అన్నాను. ఇప్పుడు ఖాళీ క్లాసులో బల్ల గుద్ది సాధన చేస్తున్నాను. గుమ్మంలో చౌకీదారు, లోపలికి రావాలో పారిపోవాలో తేలక, నిలబడిపోయాడు.