గంజి వదలని నిక్కరు

మూడున్నర గంటల్లో ఇరవై ఆరు మైళ్లు పరుగెత్తాలి. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, చలికాలం మొదట్లో, నా ధ్యాసంతా దాని మీదే ఉండేది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. బెజవాడలో ఒక పత్రిక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. పని మధ్యాహ్నం మొదలయ్యేది కాబట్టి పొద్దున్నే లేచి బందరు కాలువ గట్టు వెంట పరుగెత్తడం అలవాటు చేసుకున్నాను.

పందెం పెట్టింది ఊళ్లోని ఒక వ్యాయామశాల వాళ్లు. బందరు రోడ్డు మొదట్లో, కాలువ వంతెన దగ్గర బయల్దేరి, కంకిపాడు దాటాక వచ్చే పదమూడో మైలురాయిని చుట్టి, మళ్లీ వంతెన దగ్గరికి రావాలి. మొదటి బహుమతి నాకు రాదని నాకు తెలుసు. నా కన్ను ఇంకో దాని మీద ఉంది. మూడున్నర గంటల లోపల తిరిగొచ్చిన వాళ్లందరినీ మద్రాసులో జరిగే పెద్ద పందేనికి తీసుకెళ్తామన్నారు. రైలు చార్జీ, బస, భోజనం అన్నీ వాళ్లవే. నేనప్పటికి మద్రాసు చూడలేదు. రోజూ మద్రాసు వార్తల్లో అచ్చుతప్పులు దిద్దుతూ, వీధుల్లో ట్రాములు తిరిగే ఆ ఊరు ఎలా ఉంటుందో ఊహించుకునేవాణ్ణి.

మా నాన్న మగ్గం నేసేవాడు. మా ఊరు కంకిపాడు అవతల, ఆ పదమూడో మైలురాయి దగ్గర్నించి లోపలికి నడిస్తే వస్తుంది. నేను ఆదివారాలు ఇంటికి వెళ్లేవాణ్ణి. పందెం సంగతి చెప్పగానే నాన్న అడిగిన మొదటి ప్రశ్న, “ఏం వేసుకుని పరుగెత్తుతావు?” అని.

“బజార్లో నిక్కరు కొన్నాను.”

“మిల్లు గుడ్డా?”

తలూపాను.

“మన రాయి దగ్గరికి మిల్లు గుడ్డ వేసుకొస్తావుట్రా? వీధి వీధంతా వచ్చి చూస్తుంది. నా మగ్గం ఏమైందనుకుంటారు?”

అవి నూలు కంట్రోలు రోజులు. మంచి నూలు దొరకడం కష్టం. ఎప్పటినుంచో దాచుకున్న సన్న నూలు తీసి, నా నిక్కరుకీ బనీనుకీ సరిపడా గుడ్డ నేశాడు నాన్న. నిలువు దారాల పడుగును వీధిలో బారుగా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్విన రోజు నేనూ ఒక కొస పట్టుకున్నాను. నాన్న గంజి పెట్టాడంటే గుడ్డ రేకులా నిలబడేదని మా వీధిలో అనుకునేవాళ్లు. కంకిపాడులో దర్జీ కుట్టి ఇచ్చాడు. అమ్మ అంచులకు పసుపు పెట్టింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కొత్త గుడ్డను తడిపి కట్టుకోవడం మా ఇళ్లల్లో లేదు. గంజి మెరుపే గుడ్డకు ముఖం. తొలిసారి కట్టుకునేప్పుడు ఆ ముఖం నలుగురూ చూడాలి. ఉతకడం తర్వాత సంగతి. నాక్కూడా వేరే ఆలోచన రాలేదు. పందెం రోజు వేసుకోవాలని మడత విప్పకుండా దాచిపెట్టాను.

సరిగ్గా ఆరు గంటలకు వంతెన దగ్గర ఈల వేశారు. కాలువ మీద మంచు ఇంకా లేవలేదు. కోతలు అయిన పొలాల్లోంచి పచ్చిగడ్డి వాసన వస్తోంది. మొదటి ఐదు మైళ్లు హాయిగా సాగాయి. నిక్కరు అడుగడుక్కీ కాగితంలా చప్పుడు చేసేది. పక్కన పరుగెత్తుతున్న రైల్వే ఉద్యోగి ఒకాయన, “ఏమండీ, లోపల పేపరు పెట్టుకున్నారా?” అని అడిగాడు. ప్రెస్సులో పని చేస్తానని చెబితే ఇంకా నవ్వేవాడు. చెప్పలేదు.

ఆరో మైలు దగ్గర తొడల లోపలివైపు మంట మొదలైంది. ఎనిమిదో మైలుకు ఏమవుతోందో అర్థమైంది. గంజిగుడ్డ చెమటకు మెత్తబడలేదు. కుట్టు దగ్గర మడత పడి, అంచు చాకులా తయారై, తొడ ఒరుసుకుపోతోంది. రోడ్డు పక్కనే కాలువ. దిగి తడుపుకుంటే సరిపోయేది. రెండుసార్లు గట్టు వైపు తిరిగాను కూడా. కానీ పదమూడో రాయి దగ్గర నాన్న నిలబడి ఉంటాడు. తడిసి ముద్దైన నిక్కరుతో, ముఖం పోయిన గుడ్డతో, ఆ వీధివాళ్లందరి ముందుకీ ఎలా వెళ్లడం? ముందు రాయి చుట్టి వద్దాం, తర్వాత చూద్దాం అనుకున్నాను. ఆ ఐదు మైళ్లూ పళ్లు బిగించి పరుగెత్తాను.

రాయి దగ్గర బల్ల వేసి, దాని మీద అలారం గడియారం పెట్టుకుని ఒకాయన కూర్చున్నాడు. “గంటా నలభై మూడు” అన్నాడు. అనుకున్నదానికంటే రెండు నిమిషాలు ముందే ఉన్నాను. మద్రాసు కనిపించింది.

బల్ల పక్కన మా వీధివాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. వాళ్ల ముందు నాన్న, భుజాన కండువా వేసుకుని, పెళ్లివారి కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు. నా మొహం చూడలేదు. నిక్కరు చూశాడు.

“మడత కూడా నలగలేదయ్యా మీ వాడిది” అన్నాడు పక్కింటాయన.

“నలుగుతుందా మరి” అన్నాడు నాన్న.

అమ్మ గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. తాగి, నవ్వి, కాళ్లు దగ్గరగా పెట్టి ఠీవిగా పరుగు తీశాను. వాళ్లు కనుమరుగయ్యే దాకా అలాగే వెళ్లాను. ఆ తర్వాత కాళ్లు ఎడంగా పెట్టకుండా అడుగు వేయలేకపోయాను.

కంకిపాడు ఇవతలికి వచ్చేసరికి కాలువ గట్టు మీద ముగ్గురు మనుషులు తాడు పట్టుకుని ధాన్యం పడవను బెజవాడ వైపు లాగుతున్నారు. వాళ్లలో పెద్దవాడు నన్ను చూసి ఆగాడు.

“ఏం బాబూ, పరుగు పందెం అన్నారు, బాతు పందెమా?”

నేను ఆగి, నిక్కరు అంచు ఎత్తి చూపించాను.

“కొత్తదా? పసుపు మరక కూడా పోలేదు. ఒరే, చూడండ్రా, బాబు కొత్త గుడ్డతో ఇరవై మైళ్లు పోతన్నాడు.”

“నేను పెళ్లికి పోతన్నాడనుకున్నా” అన్నాడు వెనకవాడు.

“కొత్త గోచీతో తాడు పట్టేవాడు ఉంటాడా బాబూ? మేం వారం నానేసి, బండకేసి బాది, అప్పుడు కడతాం. దిగండి కాలవలోకి.”

దిగాను. నడుము లోతు నీళ్లలో నిలబడి, పెద్దాయన చెప్పినట్టు నిక్కరును రెండు చేతులతో పిసికాను. తెల్లగా గంజి నీళ్లలో కలిసి, చిన్న మబ్బులా పడవ వైపు కదిలింది. ఎప్పటినుంచో దాచిన నూలు, నాన్న దువ్విన కుంచె, అంతా ఆ మబ్బులో పోతున్నట్టు అనిపించింది. కాళ్లకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. గట్టెక్కాక పెద్దాయన పడవలోంచి ఆముదం సీసా తెప్పించి, “రాసుకోండి, సిగ్గుపడితే కుదరదు” అన్నాడు. వాళ్లు మర్యాదగా పొలాల వైపు తిరిగి నిలబడ్డారు.

ఆ దిగడం, ఎక్కడం, రాసుకోవడంలో ఎంతసేపు పోయిందో చూసుకోలేదు. చేతికి గడియారం లేదు. కానీ ఆ తర్వాతి మైళ్లలాంటివి నేను మళ్లీ పరుగెత్తలేదు. ఎండ వెచ్చగా వీపున పడుతోంది. తడిగుడ్డ చల్లగా, మెత్తగా, ఒంటికి అతుక్కుని ఉంది. గంజి వదిలాక గానీ ఆ నూలు ఎంత సన్నదో తెలియలేదు. రైల్వే ఆయన ఒక కల్వర్టు మీద కూర్చుని పిక్క రుద్దుకుంటున్నాడు. “పేపరు తడిసిందేమిటండీ?” అన్నాడు. ఈసారి నేనూ నవ్వాను.

వంతెన దగ్గర గడియారం తొమ్మిదీ నలభై ఒకటి చూపిస్తోంది. బల్ల దగ్గర కూర్చున్న కార్యదర్శిని అడిగి చూశాను.

“పదకొండు నిమిషాలేనండీ.”

“అవునండీ. రేపు స్టేషన్‌కు పదకొండు నిమిషాలు ఆలస్యంగా వస్తే మద్రాసు మెయిలు ఆగుతుందంటారా?” అని, నా చేతిలో రెండు అరటిపళ్లు పెట్టాడు.

మద్రాసు వెళ్లిన వాళ్లను సాగనంపడానికి నేనూ స్టేషన్‌కు వెళ్లాను. రైలు కదిలినప్పుడు కాస్త కష్టంగానే అనిపించింది. కానీ ఆ కష్టం కంటే ఇంకోటి నన్ను పట్టుకుంది. ఆదివారం ఇంటికి వెళ్తే ఎందుకు ఆలస్యమైందని నాన్న అడుగుతాడు. ఏం చెప్పాలి?

ఆదివారం నాన్న మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెను ఆపకుండానే అడిగాడు.

“ఎంతలో పోయింది?”

“పదకొండు నిమిషాల్లో.”

కాసేపు లెక్క వేసుకున్నాడు. “పదకొండు నిమిషాలంటే నేను జానెడు కూడా నేయను” అన్నాడు. అది ఓదార్పో, ఆశ్చర్యమో తెలియలేదు. తర్వాత, “ఏదీ, నిక్కరు తెచ్చావా?” అన్నాడు.

సంచిలోంచి తీసి ఇచ్చాను. గుడ్డను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడు. వెలుతురు వైపు ఎత్తి చూశాడు.

“చెమట బాగా పట్టింది” అన్నాను.

“చెమటకు ఇంత గంజి పోదు. చెమటకు ఈ ఎర్రమట్టి రంగూ రాదు. కాలవలో దిగావు.”

“దిగాను.”

“వచ్చేప్పుడేనా?”

“వచ్చేప్పుడే.”

“పోయేప్పుడే దిగాల్సింది.”

“రాయి దగ్గర నువ్వుంటావని.”

నాన్న నిక్కరు మడిచి నాకిచ్చి, మళ్లీ నాడె అందుకున్నాడు. నాలుగు అడ్డదారాల పేకలు వేసి ఆగాడు. “కాళ్లు మానాయా?” అన్నాడు. మానాయన్నాను.

తర్వాతి నెల ఒక ఆదివారం వెళ్లేసరికి ఇంకో నిక్కరు సిద్ధంగా ఉంది. దాన్ని నాన్న తనే బావి దగ్గర బండ మీద బాదుతున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి నవ్వుతోంది.

“కొత్తగుడ్డ ఉతికే సాలె మనిషిని ఈ వీధిలో చూశావటే?” అని పక్కింటావిణ్ణి పిలిచి మరీ చూపించింది.

“ఇది మూడోసారి ఉతకడం” అన్నాడు నాన్న, తల ఎత్తకుండా. “ఇంకా రెండుసార్లు ఉతకాలి.”