వాది పేరు నాది

నా చిన్నప్పుడు మేము అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉండేవాళ్లం. బాల్కనీ రెయిలింగ్ పుచ్చిపోయి ఊగుతోందని అమ్మ అక్కడి ఆఫీసుకు రెండు ఉత్తరాలు రాసింది. ఎవరూ వచ్చి చూడలేదు. ఒక శనివారం పొద్దున్న ఆరేసిన తువ్వాలు తీయబోయి దానికి ఆనుకున్నాను. చెక్క విరిగింది. దానితోపాటే కింద పొదల మీద పడ్డాను. కుడి మోచెయ్యి రెండు చోట్ల విరిగింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు.

వారం తిరక్కుండానే ఆ ఆఫీసు మేనేజర్ ఒక బొమ్మ ఎలుగుబంటి, ఒక కాగితం పట్టుకుని వచ్చింది. పిల్ల ఆడుకుంటూ రెయిలింగ్ ఎక్కి పడిందనీ, మాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదనీ అందులో ఉంది. నాన్న సంతకానికి సిద్ధపడ్డాడు. మేము వీసా మీద ఉన్నాం, గొడవంటే ఆయనకు గుండెదడ. అదే సమయానికి నన్ను చూడడానికి మా పై ఇంటి ఆంటీ వచ్చింది. ఆవిడ లాయరు. కాగితం తీసుకుని చదివి, "సైన్ చేయకండి అన్నయ్యగారూ. వీసాకీ దీనికీ లింక్ లేదు," అంది. మేనేజర్ వెళ్లాక నా పక్కన కూర్చుంది.

"పడింది ఎవరు?"

"నేనే ఆంటీ."

"అయితే కేస్ వేసేది నువ్వే. నిన్నే వాది అంటారు. నువ్వు మైనర్‌వి కాబట్టి నీ తరఫున అమ్మ నిలబడుతుంది. పేరు మాత్రం నీదే."

మేనేజర్‌ను పోలీసులు పట్టుకెళ్తారా అని ఆశగా అడిగాను. ఇది జైలు కేసు కాదని ఆంటీ నవ్వింది. మేనేజర్ ఒట్టి ఉద్యోగి. లీజు కాగితం మీద యజమానిగా ఉన్న కంపెనీయే ప్రతివాది అంది. ఏం జరిగింది, అది ఎవరి తప్పు, మాకేం కావాలి అన్నవి ఫిర్యాదుగా రాసి కోర్టులో దాఖలు చేసింది. సమన్లు కంపెనీకి చేరాయి.

నెలలోపే జవాబు వచ్చింది. పిల్లే రెయిలింగ్ ఎక్కిందని మళ్లీ అదే మాట. నాకు ఒళ్లు మండిపోయింది. ఎడమ చేత్తో ఆ కాగితం మీద "ఎక్కలేదు" అని వంకరగా రాసేశాను. ఆంటీ కోప్పడలేదు. "వాళ్ల లాయర్ అడిగినప్పుడు ఇదే చెప్పు. ఏడవకుండా చెప్పు," అంది.

విచారణకు ముందే మమ్మల్ని తన ఆఫీసుకు పిలిపించి, నాచేత ప్రమాణం చేయించి ఆయన అడిగాడు. పెద్ద బల్లకు అటువైపు కూర్చుని, మెత్తగా, మాటలు మార్చి మార్చి నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ ఒకటే చెప్పాను. ఎక్కలేదు, ఆనుకున్నాను. ఆ తర్వాత ఆంటీ అమ్మ ఉత్తరాల కాపీలు బల్ల మీద పెట్టింది.

విచారణ దాకా పోకుండానే కంపెనీ రాజీకి వచ్చింది. నా వైద్యం భారం తీసుకుంది. ఆంటీ పట్టుబట్టడంతో అక్కడి బాల్కనీలన్నిటికీ కొత్త రెయిలింగ్‌లు వేయించింది. మైనర్ తరఫు రాజీ కాబట్టి జడ్జి ఒప్పుకోవాలి. ఆయన నా పేరు పైకి చదివినప్పుడు నేను లేచి నిలబడ్డాను. ఎవరూ నిలబడమనలేదు.

ఇప్పుడు నా జుట్టు నెరుస్తోంది. ఆ మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపుకోలేను. కానీ నాకు జరిగినదాన్ని మరొకరు తమకు అనువుగా చెప్పబోతే మాత్రం, అది ఆసుపత్రైనా ఆఫీసైనా, మధ్యలోనే ఆపి నేనే మొదటి నుంచి చెబుతాను.