తిట్టడానికి ఒక నిమ్మచెట్టు

నా డాక్టరుగారు తెనాలిలో ఉంటారు. బాపట్లలో డాక్టర్లు లేక కాదు. ఇక్కడ ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా వరండాలో మా స్కూలు పిల్లల అమ్మలో నాన్నలో కూర్చుని ఉంటారు. టీచరమ్మకు పిచ్చెక్కిందన్న కబురు నేను ఇంటికి చేరేలోపే సూర్యలంక దాకా వెళ్ళిపోతుంది. అందుకని సెలవు పెట్టి, రైలెక్కి, నన్నెవరూ ఎరగని చోట నా గుండె దడ గురించి చెప్పుకున్నాను.

దడ పాఠాలు చెప్పడం వల్ల వచ్చింది కాదు. ఆ పని నాకు హాయిగానే ఉండేది. మధ్యాహ్న భోజనం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో, ఊడ్చిన వరండా ఫొటో ఫోన్లోకి ఎక్కించారా అని హెడ్మాస్టరుగారు పొద్దస్తమానం వెంటపడేవారు. ఫోను మోగితే చాలు, నా చేతులు చల్లబడిపోయేవి. ఒకరోజు తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతూ దిద్దుతూ స్టాఫ్ రూములోనే ఏడ్చేశాను. ఆ పేపర్లు మరీ అంత ఘోరంగా ఏమీ లేవు.

డాక్టరుగారు మాత్రలు రాసిచ్చి, మొక్కలు పెంచమన్నారు. మనసుకు మంచిదట. రేపల్లె పక్క పల్లెలో మా నాన్న ఊళ్ళోవాళ్ళ పొలాల్లో నడుము విరగ్గొట్టుకున్నది నా చేతికి మట్టి అంటకూడదనే. ఇప్పుడు నేను ఫీజు కట్టి మరీ మట్టి పిసకమని చెప్పించుకుని వచ్చాను. పైనుంచి మా నాన్న ఏమనుకుని ఉంటాడో ఊహించుకోవడానికి కూడా నాకు భయమే.

నేను సెలవులో ఉన్న ఆ చెడ్డ నెలల్లో పక్కింటి పిన్నిగారు రోజూ మధ్యాహ్నం గ్లాసుడు మజ్జిగ పట్టుకుని వచ్చేవారు. ఆవిడ మాకు చుట్టం కాదు, మాతో చర్చికి వచ్చే మనిషీ కాదు. పొలాలున్న రైతు కుటుంబం వాళ్ళది. బాబాయిగారు పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు, ఇంట్లో ఆవిడా ఒక పిల్లీ ఉంటారు. మా చర్చి ఆడవాళ్ళు వచ్చి నా కోసం ప్రార్థన చేసి, నా బీపీ ఎంతో ఊరందరికీ చెప్పారు. పిన్నిగారు ఏమీ అడగలేదు. మజ్జిగ చేతికిచ్చి, నేను తాగేదాకా పక్కన కూర్చుని, గ్లాసు తీసుకుని వెళ్ళిపోయేవారు. నన్ను నిలబెట్టింది ఆవిడే. మాత్రలు కూడా కొంత సాయం చేశాయి.

ఇక తోట సంగతి. మా పెరడంతా ఇసక. బిందెడు నీళ్ళు పోస్తే ఎక్కడికి పోయాయో తెలియదు. పశువుల ఎరువు కలిపితే ఇసకలో ఏదైనా పండుతుందని మా ఆయన ఎవరినో అడిగి వచ్చి చెప్పారు. రేపల్లె మనిషిని, ఇసకను మట్టి అని నేనెలా ఒప్పుకుంటాను? ఒక ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరం మా ఊరు వెళ్ళి నల్లమట్టి సంచులకెత్తి రైల్లో వేసుకొచ్చాం. సంచుల్లో ఏముందని ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి అడిగితే మట్టండి అన్నాను. ఆయన లేచి వేరే సీటు చూసుకున్నాడు. తెనాలిలో రైలు మారేటప్పుడు ఆ సంచులు మోసింది మా ఆయన. బాపట్లలో దిగేదాకా ఆయన నాతో మాట్లాడలేదు.

గుంటలు తీసి, ఆ మట్టి నింపి, సొర పాదు పెట్టాను. వంకాయ నారు పోశాను. ఏడాదిలో కాస్తుందని నర్సరీ అతను ఒట్టేసి అమ్మిన నిమ్మ మొక్కను గోడ పక్కన నాటాను. మొక్కలతో ప్రేమగా మాట్లాడాలని ఫోన్లో వీడియోలన్నీ చెబుతున్నాయి. ఒకరోజు ప్రయత్నించాను. బంగారు తల్లీ అన్నాను, నాకే రోత పుట్టింది. మర్నాడు సొర పాదు తీగలు సాగడమే తప్ప పూత పెట్టలేదని చూసి ఒక తిట్టు తిట్టాను. గుండెలో ఏదో కిందికి దిగినట్టయింది. ఇంకొకటి తిట్టాను. అప్పటికి సెలవు అయిపోయి స్కూలుకు వెళుతున్నాను. ఆ రోజు అక్కడ ఫోను మోగినా చేతులు చల్లబడలేదు.

అప్పటినుంచి అదే నా వైద్యం. సొర పాదు హెడ్మాస్టరు. పొద్దున్నే దాని ముందు నిలబడి, "పని లేదు పాడు లేదు, తెల్లారితే చాలు, గోడ మీదపడి జనాల ఇళ్ళలోకి చూడటమే. సిగ్గుందా నీకు" అని గట్టిగా అడిగేదాన్ని. వంకాయ మొక్కలు పైఅధికారులు. నిమ్మను మాత్రం ఎవరి పేరునా కాక నిమ్మగానే తిట్టాను, అది అందుకు తగినదే. "ఇంతకాలం తిని కూర్చున్నావు, ఒక్క కాయ కాశావా? నీ బతుక్కి ఇంత మిడిసిపాటెందుకే" అనేదాన్ని. స్కూల్లో పాతికేళ్ళు అరిచిన గొంతు నాది, మెల్లగా తిట్టడం దానికి చేతకాదు.

నేను బాగుపడ్డాను. పిన్నిగారు రావడం మానేశారు. నేను స్కూలుకు వెళుతున్నాను కాబట్టి రావడం లేదనుకున్నాను. ఆదివారాలూ రాలేదు. పొద్దున్నే గోడకు చేతులానించి అమ్మాయ్ అని పలకరించే మనిషి, వీధిలో ఎదురుపడితే బాగున్నారా టీచరుగారూ అని తల తిప్పుకున్నారు. దాంతోపాటు ఆవిడ తన పిల్లిని తిట్టడం మొదలుపెట్టారు. మంచాన పడ్డప్పుడు మజ్జిగ తాగింది, లేచి తిరగ్గానే గోడవతల నుంచి పళ్ళు నూరుతోంది, అని. పిల్లి ఏం చేసిందో పాపం అనుకున్నాను. పిల్లి మజ్జిగ తాగదన్న సంగతి నాకు తట్టలేదు.

ఒక శనివారం పొద్దున వంకాయల దగ్గర గడ్డి పీకుతున్నాను. గోడవతల పిన్నిగారు పిల్లిని తిట్టిపోస్తున్నారు. చూస్తే ఆ పిల్లి నా కాళ్ళ దగ్గర, వంగ మొక్క నీడలో పడుకుని నిద్రపోతోంది.

మా వైపు ఆడవాళ్ళు ఎవరినీ ముఖం మీద తిట్టరు. కోడినో చీపురునో అడ్డం పెట్టుకుని, ఎవరికి తగలాలో వాళ్ళకు తగిలేలా తిడతారు. ఈ విద్య మా అమ్మ దగ్గర నేనూ చూసినదే. గోడకు చేతులానించి నిలబడే ఆవిడ విన్నది ఏంటో, పిల్లలు లేని ఆవిడ విన్నది ఏంటో, అక్కడే గడ్డి మధ్య కూర్చుండిపోయి వరసగా తలుచుకున్నాను. పాత దడ మళ్ళీ వచ్చింది. ఆ మాటలు మిమ్మల్ని కాదండి అని వెళ్ళి చెప్పానంటే, ఆవిడనే అన్నట్టు ఒప్పుకున్నట్టే. అలా చెప్పి బాగుపడిన వాళ్ళను నేను చూడలేదు.

అందుకని లేచి నిమ్మ మొక్క ముందు నిలబడ్డాను. పాఠం చెప్పే గొంతుతోనే దానికి మొత్తం చెప్పాను. తెనాలి డాక్టరు సంగతి, వీడియోల సంగతి, సొర పాదు ఎవరో, వంగ మొక్కలు ఎవరో. నిన్ను తిట్టింది నువ్వు నిమ్మవని, అంతే అన్నాను. తర్వాత అసలు మాటకు వచ్చాను. "నేను మంచాన పడి ఉన్నప్పుడు రోజూ ఒక మనిషి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆవిణ్ణి అనే నోరు నాకు లేదు. ఆవిడ రాకపోతే నాకు ఈ తోట అక్కర్లేదు" అన్నాను.

తర్వాత మా గేటు తీసిన చప్పుడయింది. పిన్నిగారు చేతిలో మజ్జిగ లేకుండానే వచ్చి, పిల్లిని చంకనెత్తుకుని, నిమ్మ మొక్కను ఎగాదిగా చూశారు.

"హెడ్మాస్టరు అంత పనికిమాలిన వాడా అమ్మాయ్?" అన్నారు.

అవునండి అన్నాను. అమ్మాయ్ అన్న మాటకు ఏడుపొచ్చింది గానీ, ఆపుకున్నాను.

ఆవిడ పిల్లిని నా చేతుల్లో పెట్టారు.

"నువ్వు లోపలికెళ్ళి కాసేపు ఉండమ్మా. ఎప్పుడో పోయిన మా అత్తగారికి చెప్పాల్సినవి కొన్ని ఉండిపోయాయి."

పిల్లిని ఎత్తుకుని లోపలికి వెళ్ళి తలుపు వేశాను. ఆవిడ గొంతు నా గొంతు కన్నా పెద్దదని ఆ రోజే తెలిసింది. ఇప్పుడు పొద్దున్నే ముందు ఆవిడ వంతు, తర్వాత నా వంతు, ఆ తర్వాత మజ్జిగ. నిమ్మ ఇంకా కాయలేదు. దాని ముందు ఇద్దరం ఆ మాట ఎత్తం.