కంప్యూటర్ మీది అల్లిక గుడ్డ

అది ఎనభై ఎనిమిది వేసవి. జహీరాబాద్‌లోని ఓ ఇంట్లో, బీఎస్సీ చదివిన కోడలు మహాదేవమ్మ ప్రోగ్రాములు రాయడం నేర్చుకుందామని కొనుక్కున్న పాత కంప్యూటర్ మాటిమాటికీ బిగుసుకుపోతోంది. ఇంకోసారి ఆగితే పాతసామాన్లవాడికి ఇచ్చేస్తానన్నాడు భర్త బస్వరాజ్.

ఆమె దాని మీద చెయ్యి పెట్టి ఉలిక్కిపడింది. జ్వరమొచ్చినప్పుడు తన చంటిదాని నుదురు కూడా అంత కాలలేదు. టీవీకి కప్పినట్టే దీనికీ అత్త బసమ్మ తానల్లిన గుడ్డ కప్పింది. వేడి బయటికి పోయే గాలి సందులన్నీ ఆ గుడ్డ కిందే ఉన్నాయి. మహాదేవమ్మ గుడ్డ లాగేసింది.

“దుమ్ము పడ్తదే!” అంది బసమ్మ.

“పడనీ అత్తమ్మా, నేను తుడుస్త. ఇగ దీనికి గుడ్డ కప్పేది లేదు.”

“అమ్మ చేతిపని తీసి పారేస్తవా?” అన్నాడు బస్వరాజ్.

“గంత ఫికరుంటే మీ తలకు చుట్టుకోండ్రి.”

సాయంత్రం దాకా కంప్యూటర్ ఆగలేదు. మహాదేవమ్మ కూడా దాని ముందు నుంచి లేవలేదు.